కమలాకర్ అన్న చెప్పిన బయటి పేపరు

తార్నాకలో క్యాంపస్ వైపు తిరిగే మలుపున ఒక చాయ్ దుకాణం, దాన్ని ఆనుకుని ఒక జిరాక్స్ షాపు ఉన్నాయి. ఆ రెండింటి మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే మనిషి పేరు కమలాకర్. సైకాలజీలో ఎం.ఏ. పాసై పద్నాలుగేళ్లు గడిచినా క్యాంపస్ గాలి వదల్లేక హబ్సిగూడలో గది తీసుకుని, రోజూ పదింటికల్లా ఆ కుర్చీ చేరుకుంటాడు. ఉద్యోగం లేదు కానీ పనికి కొదవ లేదు. ఆయన పని సలహా ఇవ్వడం.

సైకాలజీ ఎం.ఏ. పిల్లలు రెండో ఏడు తమ డిపార్ట్‌మెంట్ బయటి సబ్జెక్టులు రెండు పేపర్లుగా చదవాలి. తమ చదువుకు దగ్గరివి ఎంచుకొమ్మని, పేర్లు రాసిచ్చే ఫారం మీదే ఉంటుంది. జువాలజీ వాళ్లు మెదడు గురించి చెప్తారు, సోషియాలజీ వాళ్లు కుటుంబం గురించి చెప్తారు. కానీ ఫారం మీద రాసింది చదివే ఓపిక ఎవరికుంది? అందరూ కమలాకర్ దగ్గరికే వస్తారు.

ఆయన మూడు సంగతులు చూస్తాడు. ఆ పేపరు చెప్పే సారు అటెండెన్స్ గట్టిగా తీసుకుంటాడా, పాత ప్రశ్నలే మళ్లీ వస్తాయా, నోట్స్ పక్క షాపులో దొరుకుతాయా. పేపరులో ఏముంటుందన్నది నాలుగో సంగతి, దాని దాకా ఆయన ఏనాడూ పోలేదు. పిల్లలు తమకు నచ్చిన పేర్లు పెన్సిల్‌తో రాసుకొస్తారు. అన్న రబ్బరుతో చెరిపి, జేబులోంచి పెన్ను తీసి తన చేత్తో వేరే పేర్లు రాస్తాడు. అదొక ఆచారమైపోయింది. అన్న పెన్ను పడ్డ ఫారానికి ఫెయిల్ లేదని హాస్టళ్లలో చెప్పుకుంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ వినేవాళ్లే ఎగబడి లోకువయ్యారు.

మూడేళ్ల కింద సింధూజ అనే పిల్ల ఒక్కతే ఎదురు తిరిగింది. మెదడు పేపరు కావాలన్నది. "గా జువాలజోళ్ల దగ్గరికి పోయి కప్పలు కోస్తవా? పో, కోసుకో," అని కమలాకర్ అంటే చాయ్ దుకాణమంతా నవ్వింది. ఆ పిల్ల పెన్సిల్ రాత మీద తనే పెన్నుతో దిద్దుకుని వెళ్లిపోయింది. ఆ ఏడంతా ఆమెను కప్పల సింధూజ అనే పిలిచారు. ఆ పేరు పెట్టింది తనేనని ఈయనకు గర్వం కూడా.

మొన్న ఫిబ్రవరిలో బడి పిల్లలకు కౌన్సెలర్ల ఉద్యోగాలు పడ్డాయి. వచ్చే ఏడాదికి కమలాకర్‌కు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి నోటిఫికేషన్. కుర్చీ వదిలి, నల్లకుంటలో ఇంకో గది పట్టుకుని నాలుగు నెలలు నిజంగానే చదివాడు. రాత పరీక్షలో గట్టెక్కాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని సర్టిఫికెట్లు చూపించడానికి వెళ్లాడు.

బల్ల అవతల కూర్చున్న మేడం మార్కుల మెమో తీసి వేలుతో కిందికి దిగుతూ ఒకచోట ఆగింది.

"బయటి పేపర్లు ఏం తీసుకున్నరు?"

"పర్యాటకం ఒకటి మేడం. ఆఫీసు నిర్వహణ ఒకటి."

"సైకాలజీకి దగ్గరివి రెండు ఉండాలని నోటిఫికేషన్ల ఉన్నది. చూడలేదా?"

"గప్పుడు మా బ్యాచ్ల అందరు గవే తీసుకున్నరు మేడం."

"అందరు రాలేదు కదా ఇక్కడికి. మీరొచ్చిన్రు," అని ఆమె మెమో వెనక్కి ఇచ్చింది.

అప్పుడు ఆయనకు తన ఫారం గుర్తుకొచ్చింది. తను పెన్సిల్‌తో రాసింది పిల్లల మనస్తత్వం మీద ఎడ్యుకేషన్ వాళ్లు చెప్పే పేపరు. దయాకర్ అనే సీనియర్ ఒకడు నవ్వి, చెరిపేసి, పెన్నుతో వేరేది రాసిచ్చాడు. తను థాంక్స్ చెప్పి చాయ్ కూడా తాగించాడు. బయటి మెట్ల మీద కూర్చుని కమలాకర్ ఏడ్చాడు. దయాకర్‌ను తిట్టుకున్నాడు. అక్కడిదాకా ఆయన మీద నాకూ జాలే.

మర్నాడు పదింటికి మళ్లీ అదే కుర్చీ. ఫారాలకు అదే ఆఖరి రోజు. జనగామ అవతలి ఊరి నుంచి వచ్చిన అమల అనే పిల్ల ఫారం పట్టుకుని నిలబడింది. పెన్సిల్‌తో మెదడు పేపరు రాసుకుంది.

"మా తమ్మునికి ఫిట్స్ వస్తయన్నా. మా ఊళ్లె తాయెత్తులు కడుతున్నరు. మెదడు సంగతి జెర తెలుసుకుందామని రాసిన. కష్టమంటున్నరు అందరు."

కమలాకర్ ఫారం అందుకున్నాడు. ఉన్న సంగతి చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చుట్టూ ఇంకో ఆరుగురు ఫారాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఈ మాట అంటే తను ఇన్నేళ్లు చెరిపిన రాతలన్నిటికీ జవాబు చెప్పుకోవాలి. రేపటి నుంచి ఈ కుర్చీ ఉండదు. ఈ కుర్చీ తప్ప ఆయనకు మిగిలిందేమీ లేదు.

"మీరేం తీసుకున్నరన్నా అప్పట్ల?" అని అడిగింది అమల.

"పర్యాటకం."

"పనికొచ్చిందా?"

"మస్తు పనికొచ్చింది," అన్నాడు కమలాకర్. జేబులోంచి రబ్బరు తీసి చెరిపాడు. పెన్సిల్ గట్టిగా ఒత్తి రాసినట్టుంది, తొందరగా పోలేదు. రెండోసారి రుద్దాడు. తర్వాత పెన్ను తీసి, అందమైన గుండ్రటి చేతిరాతతో పర్యాటకం అని రాసి ఇచ్చాడు.

అమల థాంక్స్ చెప్పి, ఆయనకొక చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు.