తోడల్లుడి మోకాలు

ముందే చెబుతున్నాను, ఇందులో నేను కలిపింది ఒక్క ముక్క లేదు. మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో కొలతలు చూసేవాణ్ణి. బడికి పోకుండా సొంతంగా నేర్చుకున్న లెక్కలు నావి. బండను కంటితో చూసి ఎన్ని చదరపు అడుగులో చెబితే, తర్వాత టేపు పట్టినా తేడా వచ్చేది కాదు. అట్లాంటివాణ్ణి, లేనిది ఉందని చెప్పను.

సాగర్ డ్యాం కడుతున్న రోజులవి. వంగి వంగి నా నడుము పోయింది. ఏళ్ల తరబడి సరైన నిద్ర లేదు. మా తోడల్లుడు కోటయ్యకు ఎడమ మోకాలు. బండి మీద నుంచి పడ్డప్పటి నొప్పి, కుంటుతూ నడిచేవాడు. అప్పుడే నరసరావుపేటలో ఒక డాక్టరు, మొండి నొప్పులకు గంజాయి అరకు పనిచేస్తుందో లేదో పరీక్ష పెట్టాడు. కొందరి సీసాల్లో అరకు, కొందరి సీసాల్లో వట్టి బెల్లంనీళ్లు. సోంపు కలిపి రెంటికీ వాసన ఒకటే చేశాడు. ఎవరికి ఏది పోశారో అంతా అయ్యాకే చెబుతారు. మా అత్తగారు ఇద్దరు అల్లుళ్లనూ తీసుకెళ్లి చేర్పించి, పరీక్ష అయ్యేదాకా తన ఇంట్లోనే ఉంచుకుంది.

వారం తిరక్కుండానే కోటయ్య గుర్రుపెట్టి నిద్రపోసాగాడు. పక్క మంచం మీద నేను కళ్లు తెరుచుకుని ఆ గురక వినేవాణ్ణి.

“చిన్నల్లుడి మొహం ఎంత తేటపడిందో,” అంది అత్తగారు, వాడికి జున్ను పెడుతూ.

“వాడికి మందు పోశారత్తా. నాకు నీళ్లు పోశారు,” అన్నాను.

“ఏంది పెద్దల్లుడూ, చంటిపిల్లోడి మాదిరి. గిన్నెలో ఇంకా ఉంది, నువ్వూ తిను.”

కోటయ్య నవ్వాడు. “నా సీసా తీసుకో అన్నా. నాకు చానా నయం.”

ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది. వాడు ఇస్తే నేను తీసుకోవడమా... వద్దన్నాను.

ఆ రాత్రి... లాంతరు ఒత్తి తగ్గించి ఉంది. కోటయ్య గురక. నా నడుములో పోటు. వాడికున్నది నాకెందుకు లేదు... అదే తిప్పి తిప్పి అనుకుంటున్నాను.

గురక ఆగింది.

మంచం నులక కిర్రుమంది. తర్వాత అడుగులు. ఒకటి మెత్తగా... ఒకటి నేల మీద ఈడుస్తూ... మెత్తగా... ఈడుస్తూ... అది కోటయ్య కుంటి నడకే. నీళ్లకు లేచాడనుకుని తల తిప్పాను. కోటయ్య మంచం మీదే ఉన్నాడు. వెల్లకిలా, గుండెల మీద చేతులు పెట్టుకుని.

అడుగులు మాత్రం వస్తున్నాయి.

రెండు మంచాల మధ్య జాగా ఏపాటిదో నాకు తెలుసు. మనిషైతే ఎప్పుడో చేరాలి. ఇది వస్తూనే ఉంది... వస్తూనే ఉంది...

నా కాళ్ల దగ్గర ఆగింది. ఎవరో కూర్చున్నట్టు నులక కుంగింది. ఎడమ మోకాలి మీద చల్లగా... తడిగుడ్డ వేసినట్టు... ఆ చలి మెల్లగా లోపలికి దిగింది. ఎముక దాకా. అక్కడికి వెళ్లి నొప్పయింది.

అంతవరకు నా మోకాలికి ఏ జబ్బూ లేదు.

తెల్లవారి లేవబోతే కాలు నేలకు ఆనలేదు. కోటయ్య మాత్రం కుంటకుండా నడిచి వచ్చాడు. నా పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

“రాత్రి నా దగ్గరికి ఎందుకొచ్చావన్నా?”

“నేను లేవనేలేదురా.”

“లేవకపోవడమేంది. నా కాళ్లకాడ కూసున్నావు. మోకాలు పట్టుకుని, ఇది నాకియ్యి అన్నావు. నీ మొహం చూసి భయమేసి, తీసుకోమన్నా.”

పరీక్ష ముగిశాక డాక్టరు చెప్పాడు. గంజాయి అరకు తాగింది నేను. కోటయ్య తాగింది బెల్లంనీళ్లు. ఆ రాత్రి సంగతి చెబితే, మత్తు వల్ల లేని అడుగులు వినిపించి ఉంటాయన్నాడు. సరే. మరి బెల్లంనీళ్లు తాగినవాడికి నేను ఎట్లా కనపడ్డాను? ఎన్ని విధాల చూసినా ఈ లెక్క నాకు తేలలేదు. నడుము నొప్పి నడుములోనే ఉంది. మోకాలు అదనం.

ఈ మధ్య వాళ్ల ఇంటికి వెళ్లాను. కోటయ్య ఏదో శుభలేఖ చదువుతున్నాడు. నాకు చూపు తగ్గి కళ్లద్దాలు వచ్చాయి. వాడికి ఇంకా రాలేదు.

“నీ కళ్లు బాగున్నాయిరా,” అన్నాను. మామూలుగానే అన్నాను.

వాడు శుభలేఖ వదిలేసి రెండు కళ్లూ చేతులతో మూసుకున్నాడు.

నేను అడగలేదు... అడగలేదనే అనుకుంటున్నాను.