బ్లెస్సీ పేరుతో ఎవరికీ డబ్బులు పంపకండి

నిన్న పొద్దున తమ్ముడు చెన్నై ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, పాప పోయింది" అన్నాడు.

నేను నమ్మలేదు. "డాక్టరును ఇంకోసారి చూడమను" అన్నాను.

ఫోనులో వెనక మరదలి ఏడుపు వినిపించింది.

బ్లెస్సీ మా తమ్ముడి కూతురు. తొమ్మిదేళ్లు. బ్లడ్ క్యాన్సర్. మీలో చాలామంది పాప కోసం ప్రార్థన చేశారు. వందనాలు.

సాయంత్రం ముత్తుకూరులో మట్టి వేసి ఇంటికొచ్చేసరికి నా వాట్సాప్‌కు ఒక ఫార్వర్డ్ వచ్చింది. బ్లెస్సీ ఫోటో, కింద తెలియని నంబరు. "ఈ పాప వైద్యానికి సాయం చేయండి."

అది ఈ ఏడాది కోతల పండుగకు తీసిన ఫోటో. మన చర్చి గ్రూపులో తప్ప ఎక్కడా పెట్టలేదు.

అంటే బయటివాళ్లు కాదు.

అప్పటినుంచి ఓదార్చడానికి వచ్చిన ప్రతి ముఖాన్నీ చూస్తున్నాను. ప్రార్థనకు మోకరిస్తే మాట రావడం లేదు.

అసలు ఫోటోలో బ్లెస్సీ చంకలో కోడిపెట్ట ఉంది. వాళ్లు కోడిని కత్తిరించేశారు.

పండుగలో కానుకలు వేలం వేస్తాం గదా. పాడుకున్నవాళ్లు డబ్బు కట్టి, వస్తువు తిరిగి ఇచ్చేస్తారు. దాన్నే మళ్లీ వేలం పాట పెడతాం. ఈసారి ఆ డబ్బు చెన్నైలో బ్లెస్సీ వార్డు పిల్లల తల్లులకు ఇద్దామని మా కుటుంబం అడిగింది. బ్లెస్సీ తన సొంత కోడిని తెచ్చింది.

కోడి రెండోసారి పాటకు రాగానే బ్లెస్సీ లేచింది. కీమోకు జుట్టు ఊడి, తలకు టోపీ.

"ఇప్పుడే అమ్మినారు గదా అయ్యగారూ. మళ్లా ఎట్టా అమ్ముతా ఉండారు?"

అందరూ నవ్వారు. పాస్టరు అయ్యగారు ఓపికగా వివరించారు. అది కూర్చోలేదు.

"ఈ డబ్బులు ఎవురికి పోతాయి?"

"దేవునికమ్మా."

"దేవుడు చెన్నై బస్సు ఎక్కడు గదా. తీసుకుపొయ్యేదెవురు?"

వాళ్ల నాన్న లేచి, తానే తీసుకెళ్తానన్నాడు. అప్పుడు గానీ కోడిని వదల్లేదు. తర్వాత చెన్నైలో ఆ తల్లులు వండుకునే గదిలో, ఆ డబ్బుతో కొన్న కొత్త గ్యాస్ పొయ్యి చూపిస్తే, వెలిగించమంది.

నర్సులతోనూ అంతే. సూది దాచలేదని రెండు చేతులూ చూపిస్తేనే దగ్గరికి రానిచ్చేది.

అందుకే చెప్తున్నాను. మా ఇంట్లో ఎవరమూ ఫోనులో డబ్బు అడగం. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ఆవరణలో, అందరి ఎదుట బ్లెస్సీ పేరున వేలం పాట పెడతాం. ఆ డబ్బూ ఆ వార్డు తల్లులకే.

ఆ వార్డులో మళ్లీ అడుగుపెట్టే బలం తమ్ముడికి ఉందో లేదో నాకు తెలియదు. వెళ్తానన్నాడు. మీలో ఇద్దరు వెంట వెళ్లి చూసి రండి. మమ్మల్ని కూడా ఊరికే నమ్మకండి.

ఆ మెసేజ్ పెట్టినవారికి ఒక్క మాట. నువ్వెవరో వెతకను. దాన్ని తీసెయ్యి. వచ్చిన డబ్బు ఎవరిది వాళ్లకు తిరిగి పంపు. ఆదివారం నువ్వూ వచ్చి మా మధ్యే కూర్చుంటావని తెలుసు.

బ్లెస్సీ తల్లీ, ఇక కాపలా మేముంటాం. ప్రభువు దగ్గర నిశ్చింతగా నిద్రపో.

- మీ పెద్దత్త