ఖూనీ సారు ఇంటికి దారి

కొల్లాపూర్‌లో నాతోపాటు పనిచేసిన సోషల్ సారు పోయిన నెలలో కన్నుమూశారు. కట్టంగూర్‌లో మా బడికి ఫోను వచ్చేసరికి నేను ఎనిమిదో తరగతికి సమాసాలు చెబుతున్నాను. ఫోను చేసింది సారు ఇంటి పక్కన కిరాణా దుకాణం పెట్టుకున్నాయన.

"తెల్లారేసరికే పాణం పోయిందమ్మా. నిద్రలనే. మీకు చెప్పుమని ఎవ్వరనలే, నాకే అనిపించి చేస్తున్న. సారు తమ్ముడు పాలమూరు నుంచి రావాలె. సాయంత్రం అసర్ నమాజు అయినంక తీస్కపోతరట" అన్నాడు.

సెలవు చీటీ రాసిచ్చి బస్టాండుకు వచ్చాను. బస్సులు మారుతూ పోతుంటే ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన. చాలా ఏళ్లుగా ఆ ఇంటి గడప తొక్కినవాళ్లు లేరు కదా, ఇవాళైనా నలుగురు వచ్చి ఉంటారా అని.

ఊళ్లో ఆయన్ను అందరూ ఖూనీ సారు అనేవాళ్లు. ఆ పేరు వినగానే కొత్తవాళ్లు జడుసుకునేవాళ్లు. మనిషేమో చీమకు కూడా హాని చెయ్యడు. పిల్లల్ని కొట్టడానికి బెత్తం తెచ్చి, దాంతో గోడమీది పటంలో కృష్ణా నది చూపించి, బెత్తాన్ని మూలన పెట్టి పోయే రకం. అలాంటాయనకు ఆ పేరెలా వచ్చిందో ఆయన్ను ఎరగని వాళ్లకు కూడా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

నేను కొల్లాపూర్‌కు వచ్చింది ఎనభైలలో, తెలుగు టీచరుగా మొదటి ఉద్యోగం. మాది మర్రిగూడ. ఫ్లోరైడుకు జడిసి నీళ్లు తాగాలంటే భయపడే ఊరు. పిల్లల పళ్లకు పసుపు గార, పెద్దవాళ్ల నడుములకు వంకర. కొల్లాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. బడి ఉన్న రోజులు ఎలాగో గడిచిపోయేవి. ఆదివారం మాత్రం మింగుడుపడేది కాదు. పెళ్లికాని ఆడపిల్ల ఒంటరిగా బజారుకు పోతే ఒక మాట, ఇంట్లో కూర్చుంటే ఇంకో మాట. నేను ఇంట్లోనే కూర్చుని ఆ మాటే పడేదాన్ని.

ఒక శనివారం స్టాఫ్ రూములో సారు అడిగారు. "రేపు ఏం చేస్తవమ్మా?"

"బట్టలుతుక్కుంట సార్."

"తర్వాత?"

"వండుకుంట."

"తర్వాత?"

ఆయన సంచిలోంచి ఒక మందపాటి కవరు తీసి నా ముందు పెట్టారు. "అయితే గీ కేసు పట్టు. సంస్థానం కాలంల మామిడితోట కావలి పెద్దను ఎవరో చంపిన్రు. ఎవరో నువ్వే చెప్పాలె. ఒక్కదానివే పోవాలె. ఇద్దరు పోతే ముచ్చట్లు పెట్టుకుంటరు, ఊరు కనవడదు."

కవరులో కార్బన్ పెట్టి రాసిన కాగితాలు. ఎవరినీ వెంట తీసుకుపోనక్కర లేకుండా, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిరగాలో అన్నీ వాటిలోనే ఉన్నాయి. హత్య ఆయన పుట్టించిందే కానీ చోట్లన్నీ నిజమైనవి. కోట దర్వాజ, బంగళా గోడ, మెట్లబావి, మామిడితోట, అక్కడి నుంచి బస్సులో నది రేవు. అనుమానితులు నలుగురు. దివాణం వంటాయన, వైద్యుడు, రాళ్లు చెక్కే మనిషి, రేవులో గుండ్రటి బుట్టలాంటి పుట్టి పడవ నడిపే మనిషి. కాగితంలో ఒక్కొక్కరూ ఆ రోజు తామెక్కడ ఉన్నదీ, ఏం చూసిందీ చెబుతారు. చెప్పినచోట మనం పోయి నిలబడాలి. నిలబడి చూస్తే మాట నిజమో కాదో తెలిసిపోతుంది. "పుస్తకంల చదివితే తెల్వదమ్మా, నిలబడి చూస్తే తెలుస్తది" అని సారు రోజూ క్లాసులో అనే మాట ఇదే.

ఆ ఆదివారం చేతిలో కాగితం పట్టుకుని బయలుదేరాను. దారిలో ప్రతి అరుగు మీదా ప్రశ్నే. మామిడితోటలో ఎండాకు ఊడుస్తున్న ఒక ముసలవ్వ చీపురు ఆపి, "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అంది.

"మనిషిని చంపినోన్ని దేవులాడుతున్ననవ్వా."

"దొరికితే జర మా మేకను ఎత్కపోయినోని సంగతి గూడ అడుగు" అని మళ్లీ ఊడ్చుకోవడంలో పడింది.

ఆమె నవ్వలేదు, నేనే నవ్వాను. ఆ ఊరికి వచ్చాక గట్టిగా నవ్వడం అదే మొదలు. ఒంటరిగా తిరగడానికి నాకొక పని దొరికింది. పని మీద పోయే ఆడదాన్ని ఎవరూ ఏమీ అనరు.

రేవు దగ్గరికి వచ్చేసరికి హత్య సంగతి మరిచిపోయాను. అంత నీరు ఒక్కచోట నేను ఎన్నడూ చూసి ఉండలేదు. మా అమ్మ బిందె పట్టుకుని నడిచిన దూరాలన్నీ గుర్తొచ్చి, ఒడ్డున రాయి మీద కూలబడి చాలాసేపు ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని, పుట్టిని బోర్లించి తారు పూస్తున్న మనిషిని అడిగాను. పొద్దుగూకాక ఇటు నుంచి అటు ఒడ్డుకు దాటొచ్చా అని.

"పొద్దుగూకితే పడమటి గాలి తోల్తదమ్మా. పుట్టి పోతది గని, ఏడికి పోతదో మన చేతుల ఉండది. మా తాత కాలం నుంచి గూడ గా యాళ్లకు ఎవ్వరం దాటం" అన్నాడాయన.

కథలోని పుట్టి మనిషి మాత్రం ఆ సాయంత్రం పొద్దుగూకాక అవతలి ఒడ్డుకు దాటిపోయానని చెప్పాడు. ఆ అబద్ధంతోనే హంతకుడు అక్కడ దొరికిపోవాలి. నాకు అంత తెలివి ఆ రోజు లేకపోయింది.

దారి చివర సారు ఇల్లే. కాగితంలో ఆఖరి మాట, 'వచ్చి తలుపు తట్టి పేరు చెప్పండి' అని. నేను గడప దగ్గర నిలబడి "వైద్యుడు" అన్నాను. సారు ముఖం వెలిగిపోయింది.

"తప్పు. బహుత్ అచ్ఛా! వచ్చే ఆదివారం మల్ల పోయి నిలబడి చూడు. ఇప్పుడైతే కూసో, చాయ్ తాగిపో."

ఒప్పు చెప్పినవాళ్ల కంటే తప్పు చెప్పినవాళ్లంటేనే ఆయనకు ఇష్టం. వాళ్లు మళ్లీ వస్తారు కదా. ఆయన భార్య పోయి అప్పటికి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇలాంటి ఆట ఎందుకు కనిపెట్టారని ఒకసారి అడిగితే దాచుకోకుండా చెప్పారు. "మనిషి ఇంటికి మనిషి రావాలంటే ఒక పని ఉండాలె బేటీ. ఆమె ఉన్నప్పుడు ఏదో ఒక పని మీద ఎవరో ఒకరు వస్తుండిరి. పోయినంక పని లేకపాయె. అందుకే పని పుట్టించిన."

నాలుగైదేళ్లు ఆ పని బాగా సాగింది. మొదట బడి పిల్లలు, తర్వాత వాళ్ల అన్నలు, తర్వాత సెలవులకు వచ్చిన చుట్టాలు. కొత్తగా పెళ్లైన జంటను కూడా ఒకరు పంపారు. ఒంటరిగానే పోవాలని సారు పట్టుబడితే మొగుడొక ఆదివారం, పెళ్లామొక ఆదివారం తిరిగి, చెరొక హంతకుణ్ణి చెప్పి, సారు ముందే కొట్లాడుకున్నారు. బంగళా గోడమీద ఏ బొమ్మ ఎటు చూస్తుందో, మెట్లబావిలోంచి ఆకాశం ఎంత కనిపిస్తుందో ఆ ఊరివాళ్లకు అప్పుడే తెలిసింది. సారు ఇంట్లో కప్పులు చాలక పక్క దుకాణం నుంచి తెప్పించేవాళ్లు.

తర్వాత ఒక రోజు బడి గేటు బయట రేవు దగ్గరి పుట్టి ఆయన నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. సారే బయటికి వెళ్లారు, వెనకాల నేనూ వెళ్లాను.

"మా తాత ఎవ్వర్ని సంపలే సారూ" అన్నాడు.

సారుకు అర్థం కాలేదు. "మీ తాతను ఎవరన్నరు? నేను పేరు రాయలేదు గద. రేవుల పుట్టి నడిపేటోడు అని మాత్రమే రాసిన."

"గా రేవుల మా ఇంటోళ్లు దప్ప ఎవరు నడిపిన్రు సారూ? పుట్టి నడిపేటోడంటే మా తాతనే గద."

పేరు రాయకపోతే ఎవరికీ దెబ్బ తగలదనుకున్నారు సారు. పని తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే చోట పనే పేరని ఆయనకు తట్టలేదు. పైగా సాయంత్రపు గాలి సంగతి ఆయనకు చెప్పింది కూడా ఈ మనిషే. కొందరు పుట్టి ఎక్కుతూ హంతకుడి మనవడని వేళాకోళం మొదలుపెట్టారట. వేళాకోళం ముదిరి, తల్లులు పిల్లల్ని ఎక్కించడం మానేశారు. అవతలి ఊరికి పోయే ఒక పెళ్లివాళ్లు ఈ పుట్టి వద్దని చుట్టూ తిరిగి బస్సులో పోయారు. ఇంట్లో ముసలితండ్రి అన్నం మానేసి కూర్చున్నాడట.

"అది కత నాయినా. నేను పుట్టించిన" అన్నారు సారు.

"కతైతే గా కతల మా తాత ఎందుకున్నడు?"

ఆ వారమంతా సారు ఇల్లిల్లూ తిరిగి అది కట్టుకథ అని చెప్పుకొచ్చారు. ఎవరూ నమ్మలేదు. చరిత్ర చెప్పే సారు అబద్ధం ఎందుకు రాస్తాడు, ఇప్పుడు మొహమాటానికి అంటున్నాడు అన్నారు. మన జనం నిజం చెబితే నమ్మకపోవడంలో గట్టివాళ్లు.

సోమవారం ప్రార్థన అయ్యాక సారు మెట్టు మీదికి ఎక్కారు. కేసు మళ్లీ విచారించాననీ, పుట్టి మనిషి నిర్దోషి అనీ, తోట కావలి పెద్దను చంపింది సంస్థానం బడిలో చరిత్ర చెప్పే పంతులనీ చెప్పారు. "అంటే నేనే. ఖూనీ చేసింది నేను. ఇంటికి పోయి అందరికీ చెప్పుండ్రి" అన్నారు. బడంతా గొల్లున నవ్వింది. పెద్దక్షరాలతో అదే ఒక అట్టమీద రాసి, తీసుకుపోయి రేవు దగ్గర చెట్టుకు కట్టి వచ్చారు. సాయంత్రానికల్లా ఊరంతా ఖూనీ సారు అన్న పేరు పాకిపోయింది. పుట్టి మళ్లీ మనుషులతో నిండింది.

ఊళ్లో అందరికీ హంతకుడు తెలిశాక ఇక ఎవరు నడుస్తారు? ఎవరు వచ్చి తలుపు తడతారు? ఆ ఆదివారం నేను పోతే సారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఇంకో కథ రాయమన్నాను. పోరు పెట్టాను. వంటాయన్ని పెట్టండి, వైద్యుణ్ణి పెట్టండి అన్నాను.

"వంటాయన మనుమడు హోటల్ నడుపుతున్నడు. వైద్యుని ఇంటోళ్లు ఇప్పటికీ ఆకుపసరు ఇస్తున్నరు. ఈ ఊర్ల ఏ పని రాసినా ఎవరో ఒకరి తాతనే బేటీ. ఈ ఊర్ల నాకు ఎన్కముందు ఎవ్వరు లేరు. నన్ను ఒక్కన్ని అంటే నొచ్చుకునేటోళ్లు లేరు. గిదే మంచిగున్నది."

నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అంత మంచితనం మనిషికి కూడు పెట్టదు, తోడూ ఇవ్వదు. సారు ఆదివారాలు బస్సెక్కి రేవుకు పోయి, పుట్టి ఆయన పక్కన కూర్చుని రావడం మొదలుపెట్టారు. నీళ్లంటే భయం కాబట్టి ఎక్కేవారు కాదట. బంధువుల ఇంటికి పోయినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పోయేవారు. తొంభైలలో నాకు బదిలీ అయింది. పెళ్లీ, పిల్లలూ, కట్టంగూరూ. అటు పోయినప్పుడల్లా కలిసేదాన్ని. ప్రతిసారీ సారు, "ఎవరన్న కొత్తోళ్లు వస్తే పంపమ్మా, ఊరు చూపిస్త" అనేవారు. కొత్తవాళ్లు ఎవరూ వచ్చేవారు కాదు. ఆదివారాలు జనం టీవీ ముందు నుంచి లేవడం లేదు.

నేను చేరేసరికి ఆలస్యమైంది. అప్పుడే తీసుకుపోయారు. మగవాళ్లంతా వెంట పోయారు. ఇంట్లో సారు మరదలు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మిగిలారు. జనం బాగానే వచ్చారని ఆమె చెప్పింది. సందు నిండిపోయిందట. వినగానే అక్కడే కూర్చుని ఏడ్చాను. బతికున్నప్పుడు వాళ్లలో పావు వంతు మంది వచ్చినా చాలేది కదా అని.

కొంతసేపటికి తలుపు చప్పుడైంది. పోయి చూస్తే పుట్టి ఆయన. తల నెరిసింది. అవతలి ఒడ్డున ఉండగా కబురు ఆలస్యంగా తెలిసిందట. ఆయాసపడుతున్నాడు.

"తీస్కపోయిన్రన్నా. ఇప్పుడే. జల్ది పోతే అందుకుంటవ్" అన్నాను.

కదల్లేదు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"టీచరమ్మా, గా తోట మనిషిని సంపింది సారు కాదు."

"నాకు తెల్వదా అన్నా?"

"మా తాతనే సంపిండు. గట్లనే రాసుకుంటే అయిపోతుండె. మా నాయిన పోయిండు. తాత పేరుకు నొచ్చుకునేటోళ్లు ఇంట్ల ఇప్పుడు ఎవ్వరు లేరు. మొన్న ఆదివారమే చెప్దామనుకున్న, కత మల్ల మార్చుండ్రి సారూ, నలుగురు మీ ఇంటికొస్తరు అని. నోరు రాలే. వచ్చే ఆదివారం చెప్దాం తియ్ అనుకున్న."

తల ఊపాను. ఆయన గడపకు చేయి తాకించి కళ్లకద్దుకుని, కబరస్తాన్ ఎటు అని అడిగాడు. చెప్పాను. సందులో అప్పుడు ఎవరూ లేరు, దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. పుట్టి ఆయన ఒక్కడే ఎండలో నడిచిపోతున్నాడు. ఆ వీధులు ఆయనకు కొత్త. ప్రతి మలుపు దగ్గరా ఆగి, తలెత్తి, ఈ గోడనూ ఆ గోడనూ పరకాయించి చూసి, మళ్లీ కదులుతున్నాడు.