నేరేడు రంగు క్యాలిపర్

నరసరావుపేటలో నాకు బ్యాటరీల కొట్టు ఉండేది. లారీల బ్యాటరీలు, ట్రాక్టర్ల బ్యాటరీలు చార్జింగ్ పెట్టడం, పాడైన ప్లేట్లు మార్చడం నా పని. ఎనభైల నాటి మాట. పగలంతా యాసిడ్ వాసనలో కూర్చుని సాయంత్రానికి ఇల్లు చేరితే, పలకరించిన వాళ్ళ మీద కూడా విసుగొచ్చేది. అలాంటివాణ్ణి ఆదివారాలు కూడా పెరట్లో అదే యాసిడ్ ముందేసుకుని కూర్చున్నానంటే, అది మా అమ్మాయి కోసం.

రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి అమ్మాయికి ఎడమ కాలు చచ్చుబడింది. ఏడో ఏట గుంటూరులో క్యాలిపర్ ఇచ్చారు. కాలికి అటూ ఇటూ రెండు అల్యూమినియం పట్టీలు, వాటిని కలుపుతూ తోలు బెల్టులు, కింద బూటు. అది తొడుక్కుంటే గోడ పట్టుకోకుండా నడిచేది. కానీ బడిలో పిల్లలు "రేకుల కాలు" అని పేరు పెట్టారు. నాలుగో రోజు దాన్ని విప్పి మంచం కిందకి తోసేసింది.

"నేను బడికి పోను. అది తెల్లగా మెరుస్తంది, అందరూ దాన్నే చూస్తన్నారు" అంది.

"మరి ఏ రంగుంటే పోతావే?" అన్నాను, మాట వరసకి.

"నేరేడు పండు రంగు" అంది తడుముకోకుండా.

అలా అడిగినందుకు తర్వాత నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ముందు పెయింటు వేశాను. బెల్టు రాసుకునే చోట వారం తిరక్కుండానే పెచ్చులూడింది. అప్పుడు చిలకలూరిపేటలో తలుపులకు నేమ్‌ప్లేట్లు చేసే ఒకాయన గుర్తొచ్చాడు. ఆయన ప్లేట్ల మీద రంగు గోటితో గీకినా పోయేది కాదు. వెళ్ళి అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు.

"పెయింటు పైన కూర్చుంటది అన్నా, ఇది లోనకి దిగుద్ది. పల్చటి యాసిడ్లో పట్టీ ముంచి బ్యాటరీ కరెంటు ఇయ్యి. కంటికి కనపడని చిల్లులతో పొర కడద్ది. ఆ చిల్లులు బట్టల రంగుని పీల్చుకుంటయ్యి. తర్వాత మరిగే నీళ్ళల్లో అరగంట ఉడికిస్తే చిల్లులు మూసుకుపోతయ్యి. ఇంక రంగు యాడికీ పోదు."

యాసిడ్, కరెంటు రెండో తీగకు కట్టే సీసం ప్లేటు, బ్యాటరీ నా కొట్లోనే ఉన్నాయి. ఓణీలకు వేసే రంగు పొట్లం బజార్లో దొరికింది. పట్టీలు ఊడదీసి, ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి పూర్తిచేశాను. అచ్చం నేరేడు పండే. సోమవారం అమ్మాయి ఎగురుకుంటూ బడికి వెళ్ళింది. బుధవారం ఏడ్చుకుంటూ వచ్చింది. చెమటకి రంగు కారి తెల్ల మేజోడంతా ఊదా రంగు అయింది. రేకుల కాలు పోయి "సిరా కాలు" వచ్చింది.

రంగు సరిగా పట్టలేదనుకుని, కాస్టిక్ సోడాలో పాత పొర తీసేసి మళ్ళీ చేశాను. ఈసారి పట్టీల నిండా బొల్లి మచ్చలు. టెర్మినళ్ళకు గ్రీజు పూసే చేతులు నావి, ఎంత తోమినా జిడ్డు వదలదు. వేలు తగిలిన చోటల్లా రంగు ఎక్కలేదు. మూడోసారి పట్టీల్ని చేత్తో ముట్టకుండా తీగకు వేలాడదీసి చేశాను. మచ్చలు పోయాయి. తడిగుడ్డతో తుడిస్తే మాత్రం రంగు మళ్ళీ గుడ్డకే వచ్చింది.

అమ్మాయి బడి మానేసి నెల దాటింది. ఇంకో వారంలో రాకపోతే పేరు కొట్టేస్తానని మాస్టారు కబురు పెట్టాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది. చేతి చర్మం పొరలుగా ఊడుతోంది. రంగు పొర తీసినప్పుడల్లా పట్టీ కొంచెం కొంచెం పలచబడుతోంది. ఇంకొక్కసారి చేసి, అదీ కాకపోతే వదిలేద్దామనుకున్నాను.

ఆ ఆదివారం కిరసనాయిలు స్టవ్ మీద నీళ్ళు మరుగుతుంటే మా ఆవిడ వచ్చి గిన్నెలోకి చూసింది.

"ఏందయ్యా, బోరు నీళ్ళా ఇయ్యి?"

"ఆ, అయ్యే. ఏం?"

"ఈ నీళ్ళల్లో పప్పే ఉడకదు. నీ రంగు ఉడుకుద్దా?"

మా బోరు నీళ్ళు ఉప్పు. గిన్నెలకు తెల్లగా గార కడతాయి. పప్పు కోసం ఆవిడ రోజూ చెరువు దాకా పోయి బిందెతో మంచినీళ్ళు మోసుకొచ్చేది. నేనైనా బ్యాటరీలో బోరు నీళ్ళు చుక్క పడనిచ్చేవాణ్ణి కాదు. పోసుకొచ్చిన లారీ డ్రైవర్లను నానా మాటలూ అనేవాణ్ణి. కొట్లో డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు వరసగా ఉండేవి. కానీ నా బుర్రలో అవి బ్యాటరీలు తాగే నీళ్ళు. స్టవ్ మీద గిన్నెలో పోయాలని తోచలేదు. ఈ ఉప్పు నీళ్ళల్లో చిల్లులు మూసుకోకే రంగు కారిందన్నమాట. నా మీద నాకే మంటెత్తుకొచ్చింది.

కొట్టు తీసి రెండు డబ్బాలు తెచ్చాను. ఆ నీళ్ళల్లో ఉడికించిన పట్టీలు చల్లారాక అమ్మాయే తడిగుడ్డ పట్టుకుని, పళ్ళ బిగువున రుద్దింది. గుడ్డ తెల్లగానే ఉంది. తెల్లారి బడికి వెళ్ళింది.

ఆ రంగు చెమటకి పోలేదు, వానకి పోలేదు. ఏడాదిన్నర చెక్కుచెదరలేదు. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పి ప్రాణం తీసేవాణ్ణి. బడి నుంచి రాగానే పట్టీలు వేలితో తట్టి చూసుకునేవాణ్ణి.

బూటు అరిగిపోతే మార్పించడానికి గుంటూరు తీసుకెళ్ళాను. క్యాలిపర్లు చేసే మనిషి టేపు పెట్టి కొలిచి, బెల్టు విప్పి, నా వైపు కోపంగా చూశాడు.

"ఇది రెండంగుళాలు పొట్టయిందండి. ఎప్పుడో మార్చాల్సింది. మోకాలు చూడండి, ఎట్టా ఒరుసుకుపోయిందో. ఏమ్మా, నొప్పి పెట్టలేదా?"

"పెట్టింది" అంది అమ్మాయి.

"మరి చెప్పలేదేందే?" అన్నాను.

"చెప్తే కొత్తది ఇస్తారు. నువ్వు మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలిగా నాన్నా."

ఆదివారాలు నేను పడిన విసుగంతా పిల్ల చూసింది. రోజూ రంగు తట్టి చూసుకున్న నేను, ఆ పట్టీల మధ్య కాలు ఎదుగుతోందని ఒక్కసారీ చూడలేదు.

కొత్తది ఉక్కుతో ఇచ్చారు. ఉక్కుకి ఆ రంగు ఎక్కదని భయపడుతూనే చెప్పాను. "ఎక్కకపోతే పోనీలే" అంది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, దాని కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. నరసరావుపేట వచ్చేదాకా మోకాలి మీది నుంచి చెయ్యి తీయలేదు.