పెద్దమ్మ రోలు వయసు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఎందుకుండదు చెప్పండి? పటాన్‌చెరు పక్కనున్న లక్డారంలో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ పరిశోధన వెలగబెడుతున్నాను. తాండూరు వైపు దొరికే పాతకాలపు ఇసుకరాయిలోని ఇసుక ఏ కొండ అరిగితే వచ్చిందో కనిపెట్టడం నా పని. రాయిని పొడి చేసి, అందులోంచి జిర్కాన్ అనే రవ్వంత స్ఫటికాలను ఏరి, వాటి వయసు తేల్చాలి. ఆ వయసు కొండ ఎక్కడుంటే అదే ఆ ఇసుకకు పుట్టిల్లు. (పెద్దమ్మకు ఇదంతా చెబితే, “దాని తల్లిగారిల్లు దెల్సుకొని ఏం జేస్తవ్ రా, ఒడిబియ్యం పోయిస్తవా?” అంది.) మా కాలేజీలో రాళ్లు పొడిచేసే యంత్రం మూలపడింది. బాగుచేయించండి మహాప్రభో అంటే ఒక్కడూ పలకడు! చేసేది లేక, ఇనుప రోలొకటి తెచ్చుకుని పెరట్లో నేనే దంచుకున్నాను. చేతులు బొబ్బలెక్కాయి.

వయసు తేల్చే ల్యాబులో వంతు కోసం కాళ్లరిగేలా తిరిగాక, చివరికి ఫలితాలొచ్చాయి. కొన్ని జిర్కాన్ గింజలు ఏట్లో దొర్లి గుండ్రంగా ఉన్నాయి. మిగతావి మూలలైనా అరగకుండా, అన్నీ ఒకే వయసువి, అచ్చం మన చుట్టుపక్కల నల్లరాతి గుట్టల వయసే. “ఇంతదూరం కొట్టుకొచ్చిన గింజకు మూలలు అరగలేదా?” అన్నారు మా సారు. “దూరమెక్కడ సార్, పుట్టిల్లు పక్కనే ఉంది!” అని వాదించి, గెలిచినంత సంబరంగా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. మామిడికాయ తొక్కు కలుపుకున్న మొదటి ముద్దకే కరకర. ఆ వేసవి పెట్టిన జాడీ అంతా అదే తంతు.

“ఇసుక తినలేక చస్తున్న పెద్దమ్మా! ఉప్పు జెర చూసి కొనరాదూ?”

“ఉప్పునెందుకు అంటవ్? గది నీ రాయిదే గావొచ్చు. నీ చేతులు జూస్తె పాణం గొట్టుకున్నది బిడ్డా. నువ్వు పటాన్‌చెరు వోయినప్పుడు మిగిలిన రాళ్లు నా రోట్లేసి దంచి, నీ సంచిల వోసిన. కడిగినంకనే గండ్ల తొక్కు దంచిన గని, అడుగుకు అంటుకున్నదేమో.”

పెద్దమ్మది నల్లరాతి రోలు. ఆ మూలలరగని గింజలన్నీ రోటివి! వాటిని తీసేస్తే మిగిలేవి లెక్కకు చాలవు. మళ్లీ రాయి, మళ్లీ ల్యాబు, పట్టా ఏడాది వెనక్కి. “ఎంత పని జేసినవే!” అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆమె తగ్గుతుందా? “కోపం నాకు రావాలె! మా అత్త రోలు, నీ రాళ్లకు గుంతలు వడ్డది!” అని, తొక్కు జాడీకి మూత పెడుతూ, “ఇంతకు నా రోలుకు ఎన్నేండ్లన్నరు?” అంది.

“రెండు వందల యాభై కోట్లు,” అన్నాను పళ్లు కొరుకుతూ.

“మా అత్త సుత పాతదే అంటుండె,” అని తల ఊపింది.

పెద్దమ్మ పోయాక రోలు నా దగ్గరికే, తెల్లాపూర్ ఫ్లాటుకు వచ్చింది. బాల్కనీలో బరువని అపార్ట్‌మెంటు వాళ్లు గొణుగుతారు, నేనూ గొంతు పెంచుతాను. తొక్కు మాత్రం ఇప్పుడు దుకాణంలో కొంటున్నాను. మెత్తగా ఉంటుంది, పళ్ల కింద ఏదీ తగలదు. అదేంటో, ఇప్పుడు నాకు దాని మీదే కోపం.