బంతి లేని పిల్లల కోచ్

మా అమ్మాయి సాకర్ టీమ్ అసిస్టెంట్ కోచ్ నిద్రలోనే పోయారని మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మెసేజ్ వచ్చింది. చదవగానే భయం వేసింది. సాయంత్రం ప్రాక్టీస్ ఉంది. ఆలోపు అమ్మాయికి నేనే చెప్పాలి. వాళ్లమ్మ కూడా నిద్రలోనే పోయింది.

ఆయనది జర్మనీ. అక్కడ రెండో డివిజన్‌లో చాలాకాలం మిడ్‌ఫీల్డర్‌గా ఆడారు. గోల్స్ ఎన్ని కొట్టారని అడిగితే, కొట్టినవాళ్లకి బంతి అందించానని చెప్పేవారు. మోకాలు పాడై ఆట మానేశాక కోచింగ్‌లోకి వచ్చారు. ఎక్కడున్నా అసిస్టెంట్‌గానే. హెడ్ కోచ్‌గా ఉండమన్నా వద్దనేవారట. టెక్సాస్‌లో మా ఊరు ఫ్రిస్కో వచ్చాకా అంతే. కారణం నాతో ఒకసారి అన్నారు.

"బంతిని చూడ్డానికి హెడ్ కోచ్ ఉన్నాడు. బంతి లేని పిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి కదా."

లైన్ బయట నిలబడి మేం తండ్రులం "షూట్, షూట్" అని అరిచేవాళ్లం. ఆయన కుంటుకుంటూ వచ్చి తలా ఒక పిప్పరమెంటు చేతిలో పెట్టేవారు. అది కరిగేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. ఇంతమంది కోచ్‌లుంటే నేను ఇంటికి పోతాననేవారు, నవ్వకుండా.

నా భార్య పోయాక అమ్మాయి గ్రౌండ్‌లో ఉన్నా ఆడేది కాదు. బంతి వస్తే తప్పుకునేది. ఆయన తనని ఆటలోంచి బయటికి పిలవలేదు. ఒక్క టచ్‌తో పక్కవాళ్లకి ఇచ్చేయ్, నీ దగ్గర ఆపుకోనక్కర్లేదన్నారు. కొన్ని వారాలు అంతే. తర్వాత రెండు టచ్‌లన్నారు. ఎండలు ముదిరేసరికి అమ్మాయి బంతి అడిగి తీసుకుంటోంది. ఇంట్లోనూ మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ మాటలు నాకు దక్కడం ఆయన చలవే.

మళ్లీ మౌనంలోకి వెళ్లిపోతుందేమోనని నా భయం. గ్రౌండ్ పార్కింగ్‌లో కారు ఆపి చెప్పాను. అమ్మాయి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది.

"స్లీప్‌లోనా? అమ్మలాగా?"

అవునన్నాను.

"నాన్నా, నువ్వు పడుకుంటే నాకు స్కేరీగా ఉంటుంది."

తను పడుకున్నాక నేనూ వెళ్లి ఊపిరి ఆడుతోందో లేదో చూసి వస్తుంటాను. అది చెప్పలేదు.

"నాకూ భయమేనమ్మా," అన్నాను. "నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటా."

తలుపు తీసుకుని దిగింది. సగం దూరం వెళ్లి కారు వైపు తిరిగి చూసింది. అద్దం దించి చెయ్యి బయటపెట్టాను. ఇంకొంచెం నడిచి మళ్లీ చూసింది. తర్వాత పిల్లల్లో కలిసిపోయింది. అన్నీ ఒకే రంగు జెర్సీలు, అంత దూరం నుంచి తనెవరో తెలియలేదు. చెయ్యి మాత్రం లోపలికి తీసుకోలేదు.