భోంగా పెద్దమ్మ చేతిలో వైన్ గ్లాసు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో లోకంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు తెలియనివే ఎక్కువ, అది వేరే సంగతి.) సోలాపూర్‌లో టవళ్లు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో, గ్లాసులు తుడిచే గుడ్డలను పరీక్షించడం నా పని. వైన్ గ్లాసు కడిగి, గుడ్డతో తుడిచి, వెలుగుకు ఎత్తి పట్టుకుని, నూగు అంటిందో లేదో రాయాలి. అలా తిప్పీ తిప్పీ, వైన్ చుక్క ఎరగకుండానే ఆ గ్లాసుల విషయంలో పండితురాలినైపోయాను. అంచు పలచగా ఉండాలి, పొట్ట వెడల్పై మూతి దగ్గర కాస్త ముడుచుకోవాలి, మూడో వంతుకు మించి పోయకూడదు, పట్టుకుంటే కాడనే పట్టుకోవాలి. కాబట్టి మా మేడమ్‌నీ ఇద్దరు తోటివాళ్లనీ ఆదివారం భోజనానికి పిలిచి, ముందురోజే కొంతం చౌక్‌లో అరగంట బేరీజు వేసి ఆరు గ్లాసులు ఎంచాను. "దారు గిలాసలు ఎవలికి బిడ్డా?" అన్నాడు దుకాణం ముసలాయన. (దారు అంటే మందు.) "మా ఇంటికే. ఏం, ఇయ్యవా?" అన్నాను.

మా ఇల్లు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో. ఆదివారం పొద్దున గ్లాసులు కడిగి గట్టు మీద బోర్లించానో లేదో, పక్కింటి భోంగా పెద్దమ్మ కంట్లో పడ్డాయి. (మిల్లు సైరన్‌ను మా ఊళ్లో భోంగా అంటారు, ఆమె గొంతుకు ఆ పేరు ఊరికే రాలేదు.) "ఏందే చెల్లె, నీ బిడ్డ నౌకరిల చేరి దారు సురూ జేసిందా?" అన్న మాట సందు చివరిదాకా వెళ్లింది. బీడీలు చుడుతున్న అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "అవి లోపల వెట్టు. స్టీలు గిలాసలల్ల పొయ్యి. నలుగురు నాలుగు మాటలంటే రేపటికెల్లి నీ నౌకరి బంద్." నాకు ఒళ్లు మండింది. "నేనేం తప్పు జేసిన్నని దాచాలె? గా గిలాసలల్లనే పోస్త. అందరు చూడంగ పోస్త" అన్నాను.

మధ్యాహ్నం ఆఫీసువాళ్లు రాగానే వాకిట్లోనే చాప పరిచి, నల్ల ద్రాక్ష పిండి తీసిన రసం గ్లాసుల్లో పోశాను. దూరం నుంచి చూస్తే అచ్చం వైనే. (అది నాకు తట్టలేదని అబద్ధం చెప్పను.) సందులో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. భోంగా పెద్దమ్మ నేరుగా నా ముందుకే వచ్చి నిలబడింది. ఒక గ్లాసు అందించి, "తాగు పెద్దమ్మా. తాగి, ఏముందో నువ్వే చెప్పు" అన్నాను. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన వేళ్లు కదా, ఆ సన్నని కాడను కొసలతో ఎంత నాజూకుగా పట్టుకుందంటే, పిడికిలితో పట్టుకున్న మా మేడమ్ ఆమెను చూసి మెల్లగా చెయ్యి మార్చుకుంది. పెద్దమ్మ వాసన చూసింది, ఒక్క గుక్కలో తాగేసింది, సందుకేసి తిరిగింది.

"ద్రాక్షరసమే! గని గంత పెద్ద గిలాసల గింతంత పోసిందే! గింత పిసినారి పిల్లను యాడ జూడలె!"

దాంతో తాగుబోతునన్న పేరు పుట్టకముందే పోయి, పిసినారినన్న పేరు వచ్చింది. అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లింది. సోమవారం ఎప్పటిలాగే అన్నం డబ్బా కట్టి నన్ను ఆఫీసుకు పంపింది.

ఇప్పుడు ఎవరైనా ఒక మాటంటే సర్దుకుపోవడం నేర్చుకున్నాను. అప్పుడప్పుడు ఆనాటి నన్ను, ఆ పిల్లను అడుగుతుంటాను, ద్రాక్షరసం కోసం అంత పంతం అవసరమా అని. అవసరమే అంటుంది. ఎంత నచ్చజెప్పినా దిగిరాదు. నాకూ ఆమెను ఓడించాలని లేదు.